పరీక్షలో రాని చదువు

లెక్కల డిగ్రీ చదివే పిల్లకు భూగర్భజలాల పుస్తకాలెందుకని మా అమ్మాయిని కసురుకున్నాను. కడపలో ఏ తల్లయినా అంతేగా!

బాలగోపాల్ గారు చదివిందీ లెక్కలే. వరంగల్లులో డాక్టరేట్ చేసి కాకతీయ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. చరిత్ర, ఆర్థికశాస్త్రం సొంతంగా చదువుకున్నారు. ఆనక లాయరై, 2009లో పోయేదాకా పేదల హక్కుల కోసమే తిరిగారు. మన సీమ ఫ్యాక్షన్ల గురించీ రాశారు. సిలబస్‌తో ఆగి ఉంటే ఇదంతా జరిగేదా?

మా పిల్ల ఇల్లిల్లూ తిరిగి, ఏ బోరు ఏ యేడు ఎన్ని అడుగులకు దిగిందో రాసుకొచ్చింది. (ఎండలో తిరుగుతోందని తిట్టాను కూడా.) నిరుడు ఖాళీ బిందెలతో వెళ్తే ఆఫీసు గేటు దగ్గరే ఆపేశారు. ఈసారి ఆ కాగితాలతో వెళ్లాం. కుర్చీలేశారు. నీళ్లింకా రాలేదనుకోండి, మళ్లీ సోమవారం వెళ్తున్నాం.