పెండ్లి ముహూర్తానికి ఆపరేషన్ ముహూర్తమా?

పొద్దున ఐదున్నరకు హన్మకొండ జేఎన్ఎస్‌కు వెళ్లి చూడండి. పోలీసు ఉద్యోగానికి ప్రిపేరయ్యే అమ్మాయిలు ట్రాక్ మీద రౌండ్లు కొడుతుంటారు. గత రిక్రూట్‌మెంట్‌లో మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పరిగెత్తాలన్నారు. అంటే రెండు రౌండ్లు. చాలామందికి దమ్ముతోనే ఇబ్బంది. కొందరికి మాత్రం ఛాతీ బరువుతో. బ్రా మీద బ్రా వేసుకుని, పైనుంచి చున్నీ బిగించి కట్టుకుని, మగపిల్లల గుంపు వెళ్లిపోయేదాకా ఆగి పరిగెత్తే వాళ్లను చూశాను. ఈ మాట కోచ్‌కు చెప్పరు, అమ్మకూ చెప్పరు.

మా చిన్నమ్మ బిడ్డ అలా పరిగెత్తే పద్నాలుగు నెలల్లో 17 కిలోలు తగ్గింది. అందరూ మెచ్చుకున్నారు. తను మాత్రం అద్దం ముందు ఏడ్చింది. లోపలి కొవ్వు కరిగింది కానీ పైచర్మం దగ్గరికి రాలేదు, రొమ్ములు జారాయి. అంతలో సంబంధం కుదిరింది. "అక్కా, లగ్గానికి మూడు నెలలుంది. ఈలోపు ఆపరేషన్ చేయించుకుంటే మానిపోతది గదా?" అని అడిగింది. మొన్నటి నెలలో కూడా రెండు కిలోలు తగ్గావు కదా, ఆగు అన్నాను. అలిగింది. ఎందుకు ఆగమన్నానో ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే ఇలా అడిగేది తనొక్కతే కాదు.

రొమ్ములో పాల గ్రంథులుంటాయి, కొవ్వు ఉంటుంది. ఏది ఎంత అన్నది ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటుంది. అందుకే పది కిలోలు తగ్గితే ఒకరికి రెండు సైజులు దిగుతాయి, ఇంకొకరికి చుక్క కూడా తగ్గదు. పైకెత్తే ఆపరేషనైనా, సైజు తగ్గించే ఆపరేషనైనా, సర్జన్ చర్మాన్ని కత్తిరించేది ఆ రోజున్న కొలతకే. తర్వాత ఇంకో ఎనిమిది కిలోలు తగ్గితే మళ్లీ వదులవుతుంది. పెరిగితే మళ్లీ నిండుతుంది. మచ్చలు మాత్రం అలాగే ఉంటాయి. అందుకే మంచి సర్జన్లు బరువు కనీసం మూడు నుంచి ఆరు నెలలు ఒకేచోట నిలబడ్డాకే రమ్మంటారు. బేరియాట్రిక్ సర్జరీ చేయించుకున్నవాళ్లను సాధారణంగా ఏడాది, ఏడాదిన్నర ఆగమంటారు.

ఇంకో కారణం కూడా ఉంది. పొద్దున గ్రీన్ టీ, రాత్రి పుచ్చకాయ ముక్కలతో నెలకు ఆరు కిలోలు దించేవాళ్లకు పుండు మానడానికి కావాల్సిన ప్రొటీన్ ఎక్కడిది? తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్తోంది. హిమోగ్లోబిన్ చూడకుండా డేట్ ఇచ్చే క్లినిక్ అయితే లేచి వచ్చేయండి.

పెండ్లి లెక్క వేరు. గర్భం వచ్చాక, పాలిచ్చాక రొమ్ముల ఆకారం మళ్లీ మారుతుంది. సైజు తగ్గించే ఆపరేషన్ తర్వాత కొందరికి పాలు తగ్గొచ్చు, చనుమొన దగ్గర స్పర్శ కూడా తగ్గొచ్చు. ఇవన్నీ ముందే అడగాలి. అట్లాగని "పిల్లలు పుట్టినాక చూద్దాంలే" అని ఇంట్లోవాళ్లు తేల్చేయడం నాకు నచ్చదు. లాభనష్టాలు తెలుసుకుని ఆ అమ్మాయే తేల్చుకోవాలి.

ఇక్కడ నాదో అభ్యంతరం కూడా ఉంది. ఆగమనే సలహా అందరికీ ఒకేలా పనికిరాదు. జారినవాటిని పైకెత్తడం ఆకారం కోసం. సైజు తగ్గించడం చాలాసార్లు నొప్పి కోసం. మెడ నొప్పి, భుజాల మీద బ్రా పట్టీల గాళ్లు, ఎండాకాలం రొమ్ముల కింద చెమటకు ఒరుసుకుపోయి పుండ్లు. అలాంటి పిల్లను "ముందు పదిహేను కిలోలు తగ్గి రా" అని పంపేస్తే, పరిగెత్తలేకనే కదా ఆమె వచ్చింది? బరువు మరీ ఎక్కువుంటే మత్తుమందుతో, గాయంతో ముప్పు పెరుగుతుంది, నిజమే. కానీ చూడాల్సింది బరువు నిలకడగా ఉందా అని. సన్నగా ఉందా అని కాదు.

రొమేనియా టెన్నిస్ క్రీడాకారిణి సిమోనా హాలెప్ 2009లో పదిహేడేళ్ల వయసులోనే ఈ ఆపరేషన్ చేయించుకుంది. ఛాతీ బరువు ఆటకు అడ్డమని దాపరికం లేకుండా చెప్పింది. 2017లో ప్రపంచ నంబర్ వన్ అయింది, 2018లో ఫ్రెంచ్ ఓపెన్, 2019లో వింబుల్డన్ గెలిచింది. మన దగ్గర అదే వయసు పిల్ల ఆ మాటంటే ఇంట్లో ఏమంటారో నేను రాయక్కర్లేదు.

ఉద్యోగం కోసం చూసేవాళ్లు క్యాలెండర్ ముందేసుకోండి. కూర్చుని చేసే పనికి ఒకట్రెండు వారాల్లో వెళ్లొచ్చు. పరుగు, బరువులెత్తడం మాత్రం నాలుగు నుంచి ఆరు వారాలు బంద్, అదీ సర్జన్ సరేనన్నాకే. వాపు పూర్తిగా దిగడానికి నెలలు పడుతుంది, మచ్చలు పాలిపోవడానికి ఏడాది. 2022లో పోలీసు నోటిఫికేషన్ ఏప్రిల్‌లో వస్తే ఫిజికల్ ఈవెంట్స్ డిసెంబర్‌లో మొదలయ్యాయి. ఆపరేషన్ అవసరమనుకుంటే ఈవెంట్స్ అయిపోయాకో, నోటిఫికేషన్‌కు బాగా ముందో పెట్టుకోవాలి. హాల్‌టికెట్ వచ్చాక కాదు.

ఖర్చు సంగతి. అందం కోసం చేసే సర్జరీలకు హెల్త్ ఇన్సూరెన్స్ డబ్బులివ్వదు. ఆరోగ్యానికి తక్షణ ముప్పు తప్పించే చికిత్సలో భాగమని డాక్టర్ ధ్రువీకరిస్తేనే మినహాయింపు, కాబట్టి నొప్పి, పుండ్ల చికిత్స కాగితాలు దాచుకోండి. ఈఎంఐలో "బ్రైడల్ ప్యాకేజీ" అనే క్లినిక్‌లో సర్జన్‌కు ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ, డీఎన్‌బీ గానీ ఉందో లేదో అడగడానికి మొహమాటపడొద్దు. 'నువ్వు నాకు నచ్చావ్' హీరోయిన్ ఆర్తి అగర్వాల్ 2015 జూన్‌లో 31 ఏళ్లకే అమెరికాలో చనిపోయింది. అంతకు కొన్ని వారాల ముందే లైపోసక్షన్ చేయించుకుందని వార్తలొచ్చాయి. మరణానికి అదే కారణమని నేననను. కానీ ఆ వార్త చదివిన రోజు నుంచి "చిన్న ప్రొసీజరే" అన్న మాట నా చెవికి ఎక్కడంలేదు.

మా చిన్నమ్మ బిడ్డ పెండ్లి ఆపరేషన్ లేకుండానే అయింది. టైలర్ కప్పులు పెట్టి కుట్టిన బ్లౌజుతో పీటల మీద కూర్చుంది. ఐదు నెలలుగా బరువు 63 దగ్గరే ఆగిందట. ఇంకా ఏ సర్జన్‌నూ కలవలేదు. మొన్న ఫోన్ చేసి, "అక్కా, సరిగ్గా పట్టే స్పోర్ట్స్ బ్రా కొనాలంటే కొలత ఎట్ల తీసుకోవాలె?" అని అడిగింది. మళ్లీ గ్రౌండ్‌కు వస్తుందట.