వ్రేలు మోపినంతనే అక్షరము పడరాదు

మా పాఠశాల కంప్యూటరు గదిలో నేను స్వయముగ జేసిన యొక పొరపాటుతో ఈ వ్యాసము నారంభింతును. ఒక సంవత్సరము విద్యార్థులను విజయనగరమునకు విహారయాత్రకు గొనిపోవ నిశ్చయించి, ప్రకటన నేనే టైపుచేసి పలకపై నంటించితిని. 1713లో పునాది పడిన ఆ పట్టణపు కోటను గూర్చి నాలుగు మాటలు వ్రాసి, తుదకు "ఎల్లరును కోట చూడవచ్చును" అని ముగించితిని. మఱునాటి ఉదయమున పిల్లలు పలకచుట్టును జేరి నవ్వుచుండిరి. దగ్గఱకు బోయి చూడగా "ఎల్లరును కోటి చూడవచ్చును" అని యున్నది. "అయ్యా, కోటి రూపాయలు మాకు చూపుట మాత్రమేనా, ఇచ్చుట కూడ కలదా?" అని యొక బాలు డడిగెను. నేనును నవ్వితిని.

కాని యిట్టి తప్పు లెల్లప్పుడును నవ్వుతో ముగియవు. పరీక్షకు బోవు బాలిక పేరు పట్టికలో "సుజాత" యని యుండవలసిన చోట "సుజాతి" యని పడినదనుకొందము. అది అర్థములేని మాటవలె కంటికి వెంటనే తగులదు. చూచినవారు అదియు నొక పేరే యనుకొని పోనిత్తురు. ఆ పేరే ధ్రువపత్రమున కెక్కును. కొన్నియేండ్లకు దానిని దిద్దించుటకై ఆ బాలిక తండ్రి యొకనాటి కూలి వదలుకొని, బస్సెక్కి, కచ్చేరి గుమ్మమున నిలువబడవలసివచ్చును. ఒక వ్రేలు పొరపాటున క్రుంగిన దానికి ఇంత మూల్యము! కావున ఈ విషయ మల్పమని త్రోసివేయదగినది కాదు.

ఈ తప్పు తెలుగున ఏల విశేషముగ బాధించునో మొదట విచారింతము. 1986లో భారతప్రభుత్వపు ఎలక్ట్రానిక్సు శాఖవారు దేశభాషల కన్నింటికి నొకే పద్ధతిగ "ఇన్‌స్క్రిప్టు" అను మీటల అమరిక నేర్పఱచిరి. దానియందు గుణింతపు గుర్తులు ఎడమచేతి వైపునను, హల్లులు చాలవఱకు కుడిచేతి వైపునను ఉన్నవి. టైపు నేర్చినవారందఱు మొదటి దినమున వల్లించిన "ఏ, యస్, డి, యఫ్" అను నాలుగు మీటలు ఎడమచేతి వ్రేళ్లు విశ్రమించు తావులు. ఇన్‌స్క్రిప్టు పద్ధతిలో ఆ నాలుగింటిపై వరుసగ ఓత్వము, ఏత్వము, పొల్లు, గుడి యున్నవి. ఇంగ్లీషున పనిలేని వ్రేలు క్రుంగినచో నొక యక్షర మదనముగ జేరి, మాట వికృతమై కంటబడును. తెలుగున నట్లు కాదు. వెనుక వ్రాసిన యక్షరమే మాఱిపోవును. నేను "ట" వ్రాసి యాలోచించుచుండగా చూపుడువ్రేలు "యఫ్" మీటపై భారముగ నానినది; కోట కోటి యయ్యెను. తప్పుపడిన మాటయు నిఘంటువులోని మాటయే యగుటచేత, తప్పులు పట్టు యంత్రమును దానిని పట్టజాలదు.

మన తాతల కాలమున ఈ బాధ యింతగా లేకుండెను. అమెరికా దేశమున షోల్సు మొదలగువారు 1868లో హక్కుపత్రము పొందిన టైపుయంత్రము మొదలు, 1955లో గోద్రెజి కంపెనీవారు మన దేశమున తయారుచేయ నారంభించిన యంత్రము వఱకును, చేతితో నడచు టైపుయంత్రము లన్నింటిలోను మీట నొక్కినప్పుడు ఒక యినుప కడ్డీ పైకి లేచి కాగితమును కొట్టవలయును. వ్రేలు మెల్లగ నానినచో ఆ కడ్డీ కొంతమేర లేచి మరల పడిపోవునే కాని అక్షరము పడదు. శ్రీకాకుళము, విజయనగరము పట్టణములందలి టైపు ఇన్‌స్టిట్యూట్ల ముందుగ నడచినవారు విన్న టకటక ధ్వని యా దెబ్బలదే. ఆ యంత్రము వ్రేలికి శ్రమ నిచ్చెను గాని, మోపుటకును కొట్టుటకును గల భేదము నెఱిగియుండెను. నేటి కీబోర్డులలో నాభేదము నెఱుగునవి కొన్ని, ఎఱుగనివి కొన్ని. ఎంచుకొను భారము మనపై బడినది.

ఇప్పుడు మెకానికల్ కీబోర్డు అనబడు దాని నిర్మాణము చెప్పెదను. దానిలో ప్రతి మీటక్రిందను వేఱువేఱుగ నొక స్విచ్చి యుండును. స్విచ్చిలో పైకిని క్రిందికిని కదలు చిన్న కాడయు, దానిని పైకెత్తు స్ప్రింగును, ప్రక్కన రెండు లోహపు రేకులును ఉండును. కాడ కొంతదూరము దిగగానే రేకు లొండొంటిని తాకి అక్షరము పడును. అనగా అక్షరము పడుటకు మీట అడుగంట నక్కఱలేదు. జర్మనీ దేశపు చెర్రీ కంపెనీవారు 1980 దశకమున వెలువరించిన ఎమ్.ఎక్స్. అను స్విచ్చియే నేటి వానిలో పెక్కింటికి మాతృక. దానిలో రంగునుబట్టి గుణము మాఱును. ఎఱుపు స్విచ్చి నునుపుగ దిగును. సుమారు 45 గ్రాముల భారమునకు, 2 మిల్లీమీటర్ల లోతున అక్షరము పడును. నలుపుదియు నునుపే గాని 60 గ్రాముల భారము కోరును. గోధుమరంగుది సుమారు 55 గ్రాములు కోరును. దానికి దారిలో నొక చిన్న మిట్ట యుండి, అక్షరము పడనున్నదని వ్రేలికి తెలియజేయును. నీలము స్విచ్చికి 60 గ్రాములు, 2.2 మిల్లీమీటర్లు, మిట్టతోబాటు టిక్కను చప్పుడును కలదు. ఆటలకొఱకు వెలువడిన వెండిరంగుదానిలో 45 గ్రాములకే, 1.2 మిల్లీమీటర్ల లోతుననే అక్షరము పడును.

ఈ లెక్కలలో మనకు కావలసిన సంగతి యొకటి కలదు. పొరపాటున అక్షరము పడుట మూడింటిపై నాధారపడును: స్ప్రింగు బిగువు, అక్షరము పడు లోతు, దారిలో మిట్ట యుండుట లేకుండుట. భారము తక్కువై, లోతు తక్కువై, మిట్టయు లేనిచో వ్రేలు మోపుటయే వ్రాయుట యగును. వేగమున నాడు ఆటగానికి అది గుణము. పేరులు, ఊళ్లు, మార్కులు వ్రాయు విద్యార్థికి అది దోషము.

తమ వ్రేలికి తగిన బరువు నెఱుగుటకు విద్యార్థులు చేయదగిన పరీక్ష యొకటి చెప్పెదను. రెండు లోహముల పదిరూపాయల నాణెము సుమారు 7.7 గ్రాములు తూగును. నాణెము ప్రక్క మీటలకు తగులకుండ, మీట నడుమ నొక చిన్న రబ్బరు ముక్క నుంచి, దానిపై నాణెములు నొకటొకటిగ పేర్చుడు. ఎఱుపు వంటి తేలిక స్విచ్చికి ఆఱు నాణెములకే అక్షరము పడును; నలుపు వంటి దానికి ఎనిమిది కావలయును. పిమ్మట వంటయింటి చిన్న త్రాసుపై, ఆలోచించుచున్నప్పు డుంచునట్లే వ్రేలు నుంచి, అది చూపు బరువు చూచుకొనుడు. నేనట్లు చేయగా నా ఎడమ చూపుడువ్రేలి భారము ఇంచుమించుగ నాఱు నాణెముల యెత్తు వచ్చెను. ఆనాడు నేను వాడినది తేలికమీటల కీబోర్డు. కోట కోటియైన మర్మ మంతటితో తేటపడెను. వ్రేలి విశ్రాంతి భారము కన్న స్విచ్చి భారము స్పష్టముగ హెచ్చుగ నుండవలయునన్నదే నా సూత్రము.

అట్లయిన మిక్కిలి బిగువైన స్విచ్చినే కొనరాదా యని కొంద ఱడుగవచ్చును. కూడదనియే నా యభిప్రాయము. ఇన్‌స్క్రిప్టున చ, ట, డ మొదలగు అక్షరములన్నియు కుడిచేతి చిటికెనవ్రేలి పాలబడినవి. ఒత్తక్షరములకు షిఫ్టు మీట నొక్కుటయు చిటికెనవ్రేలి పనియే. పండ్రెండేండ్ల బాలుని చిటికెనవ్రేలికి బిగువు మీటలు గంటసేపటిలో నొప్పి పుట్టించును; అలసిన వ్రేళ్లు మరల తప్పులే చేయును. కావున 55 గ్రాముల ప్రాంతమున, 2 మిల్లీమీటర్ల లోతున, మిట్టగల గోధుమరంగు స్విచ్చి పాఠశాలకు తగినదని నా మతము. నీలముదియు తప్పులను తగ్గించును గాని, ముప్పదిమంది యొక్కసారి టిక్కుటిక్కుమనిపించుచుండగా ఉపాధ్యాయుని మాట వినబడదు. అయితే రంగును మాత్రమే నమ్మరాదు. చెర్రీవారి హక్కుల గడువు తీరిన పిమ్మట పెక్కు కంపెనీలు అట్టి స్విచ్చిలనే తయారుచేయుచున్నవి. వారి రంగులు, బరువులు నొక్కటిగ లేవు. పెట్టెపై వ్రాసిన గ్రాములు, మిల్లీమీటర్లు చూచియే కొనవలయును.

"తప్పు చేతిది గాని యంత్రముది కాదు, అభ్యాసము చాలును" అని పెద్దలు కొందఱందురు. అభ్యాసము వలయుననుటకు సందేహము లేదు. కాని మన శ్రీకాకుళము జిల్లాలోని పొందూరు వైపు చూడుడు. అచటి స్త్రీలు సన్నని నూలు వడుకుటకు ముందు ప్రత్తిని వాలుగ చేప దవడ యెముకతో దువ్వుదురు. వారి చేతుల నేర్పు లోకప్రసిద్ధమే. ఐనను ఏదో యొక దువ్వెనతో పని గడుపుకొనక, ఆ చిన్నయెముకనే యేల వెదకి తెచ్చుకొనిరి? నేర్పుగల చేతికిని తగిన పనిముట్టు వలయునని వారికి తెలియును. నేర్పింకను లేని బాలునికి అది మఱింత యావశ్యకము గాదా?

వ్యయమును గూర్చి చింతించు తలిదండ్రులకు నొకమాట. మెకానికల్ కీబోర్డు సాధారణపు దానికన్న వెల హెచ్చు. మీ యింట రబ్బరు పొరగల సాధారణపు కీబోర్డున్నచో చింతింపకుడు. దానిలో అక్షరము పడుటకు మీటను ఇంచుమించుగ అడుగుదాక నొక్కవలసియుండును గావున, వ్రేలు మోపిన తప్పు దానియం దంతగా కలుగదు. కంప్యూటరులోనే "ఫిల్టరు కీస్" అను నేర్పాటు కలదు. దానిని వాడినచో క్షణకాలము తగిలిన మీటలను యంత్రమే విడిచిపెట్టును. దానికి కాసు ఖర్చులేదు. ఒక్కమాఱు కొట్టినను రెండక్షరములు పడుచున్నచో అది వ్రేలి తప్పు కాదు. రేకులు అరిగిన లేక దుమ్ము పట్టిన గుర్తు. అప్పుడు స్విచ్చిని మార్పింపవలయును.

పాఠశాలవారికి నా మనవి యిది. ఒక్కసారిగ ముప్పది కీబోర్డులు కొనుటకు ముందు, స్విచ్చిలను ఊడదీసి మార్చుటకు వీలగు కీబోర్డు నొకదానిని, నాలుగు రకముల స్విచ్చిలతో తెప్పించి, పిల్లలచేత నెలదినములు వాడించి చూడుడు. అన్ని స్విచ్చిలను మార్ప నక్కఱయు లేదు. వ్రేళ్లు విశ్రమించు ఎనిమిది మీటలకును, బొటనవ్రేలు వ్రాలు పొడవు మీటకును మాత్రమే కొంచెము బిగువైనవి వేసినను పెక్కు తప్పులు తగ్గును. ఎవరి చేతినుండి యెన్ని తప్పులు పడినవో పిల్లలే లెక్కవ్రాసి, ఆ లెక్కను బట్టియే కొనుగోలు నిర్ణయింపవలయును. ప్రకటనలలోని మెఱుపులను బట్టి కాదు.

విద్యార్థులారా! ఏ కీబోర్డు మీ కబ్బినను, వ్రాసిన పిమ్మట నొక్కమాఱు చదివి చూచుట మానకుడు. ముఖ్యముగ నొకరి పేరు వ్రాసినప్పుడు, ఆ పేరుగలవారిని పిలిచి చూపుడు. మంచి స్విచ్చి తప్పును తగ్గించును గాని, ఇతరుల పేరుపట్ల మనకుండవలసిన గౌరవమును మన కీయలేదు. నేను కోటను కోటిగ మార్చితిని, నవ్వులతో గడచిపోయినది. ఈ యేటి పట్టికలలో ఏ సుజాతయు సుజాతి గాకుండుగాక!