108 ఆలస్యమైతే ఎవరి కాలర్ పట్టుకోవాలి?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ముందు నేను చేసిన తప్పొకటి మీ దగ్గర ఒప్పుకోవాలి. రెండేళ్ల కింద ఒక రాత్రి నేను 108 పైలట్ కాలర్ పట్టుకున్నాను.

నాకు వదిన వరసయ్యే ఆమెకు నొప్పులు మొదలైనాయి. ఎనిమిదికి ఫోన్ చేస్తే బండి వచ్చేసరికి తొమ్మిదిన్నర దాటింది. గూడెం మొత్తం రోడ్డు మీదికొచ్చి నిలబడింది. లైట్లు కనపడగానే నేనే ముందు ఉరికినాను. డిగ్రీ చదివిన నోరు కదా, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ తిట్టినాను. ఆయన నా చెయ్యి విదిలించుకోలేదు. "తమ్ముడూ, నన్ను పొద్దున కొడుదువు గానీ, ముందు ఆమెను ఎక్కిద్దాం" అన్నాడు. ఈఎంటీ అప్పటికే స్ట్రెచర్ దింపుకొని గుడిసె వైపు పోతున్నాడు. సగం దారిలో బండి పక్కకు ఆపి కాన్పు చేసినారు. ఆడపిల్ల. ఇప్పుడు మా వాకిట్లో కోడిపిల్లల వెంటపడి తిరుగుతోంది.

నెల తర్వాత మనసు ఆగక, ఆయన బండి నిలబెట్టే చోటికి పోయినాను, క్షమించమని అడగడానికి. అప్పటినుంచి టైం దొరికితే పోతానే ఉన్నాను. అక్కడ చూసిందీ, వాళ్లింట్లో కూర్చుని విన్నదీ మీకు చెప్పాలని ఇది రాస్తున్నా.

ఆ రాత్రి గంటన్నర ఎందుకైందో మొదట చెప్తాను. మాకు దగ్గరలో ఉండాల్సిన బండి అప్పుడు కర్నూలులో ఉంది. పాము కరిచిన ఒక రైతును పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. ఆత్మకూరు నుంచి కర్నూలుకు డెబ్భై కిలోమీటర్ల దాకా ఉంటుంది. పోవడం, అక్కడ స్ట్రెచర్ ఖాళీ అయ్యేదాకా నిలబడటం, కాగితాల మీద సంతకాలు, తిరిగి రావడం. ఒక్క కేసుకు నాలుగు గంటలు పోయినట్టే. ఆ నాలుగు గంటలూ ఇక్కడి ఊళ్లకు బండి లేనట్టే లెక్క. మా దగ్గరికి వచ్చింది పక్క మండలం బండి. వాళ్లకు మా గూడెం దారి తెలియదు. రెండుసార్లు తప్పిపోయి, ఒక మేకల కాపరిని లేపి అడిగి వచ్చినారంట. నేను పట్టుకున్నది ఆ మనిషి కాలర్.

ఆదోని వైపు ఇంకా కష్టం. అక్కడినుంచి కర్నూలుకు వంద కిలోమీటర్ల దరిదాపు. కర్నూలు సర్వజన ఆసుపత్రికి మన జిల్లావాళ్లే కాదు, గద్వాల నుంచీ, కర్ణాటక సరిహద్దు ఊళ్ల నుంచీ వస్తారు. 2023లో నంద్యాలలో మెడికల్ కాలేజీ మొదలైంది, సంతోషమే. కానీ కాలేజీ బోర్డు పెట్టినంత మాత్రాన తల పగిలిన మనిషికి రాత్రి రెండింటికి డాక్టరు దొరకడు కదా. "కర్నూలుకు తీసుకుపోండి" అనే చీటీ రాసినంత కాలం ఈ బండ్లు రోడ్డు మీదనే ఉంటాయి.

బండిలో ఇద్దరే ఉంటారు. నడిపే ఆయన్ను పైలట్ అంటారు, వెనక కూర్చుని ప్రాణం కాపాడే ఆయన ఈఎంటీ. బీఎస్సీ, నర్సింగ్, ఫార్మసీ చదివినవాళ్లను ఈఎంటీలుగా తీసుకుంటారు. డ్యూటీ పన్నెండు గంటలు. బదిలీ మనిషి రాకపోతే అది ఇరవై నాలుగు అవుతుంది. నేను చూసిన బేస్‌లో వాళ్లకు గది లేదు. వేపచెట్టు కింద బండి, బండిలో స్ట్రెచర్, దాని మీదనే కునుకు. నీళ్లకు పక్క హోటల్. కేసు దింపొచ్చినాక బండిలో రక్తం కడిగేదీ వాళ్లే. ఎండాకాలంలో ఆ వాసన పోవాలంటే మూడుసార్లు కడగాలంట. ఆ మాట చెప్తూ ఆయన తెచ్చుకున్న జొన్నరొట్టె విప్పినాడు, నాకూ సగం పెట్టినాడు. రెండు ముద్దలు తినేలోపల కాల్ పడింది. రొట్టె అట్లనే కాగితంలో చుట్టి సీటు వెనక పెట్టినాడు. సాయంత్రం పోయి చూస్తే అక్కడే ఉంది.

ఆయనది పత్తికొండ దిక్కు ఒక తండా. సుగాలీ. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. వాళ్లింటికి పోయినప్పుడు నాకు బాగా గుర్తుండిపోయింది వాకిట్లో ఉన్న నీళ్ల తొట్టి. డ్యూటీ నుంచి రాగానే అక్కడే బట్టలు విప్పి, స్నానం చేసి లోపలికి పోవాలి. ఇది కరోనా కాలంలో మొదలైన అలవాటు. 2020 ఏప్రిల్‌లో రాష్ట్రంలో ఎక్కువ కేసులు వచ్చిన జిల్లాల్లో కర్నూలు ముందుండేది, గుర్తుందా? మనమంతా తలుపులు వేసుకున్నాం. ఆయన నెలన్నర పశువుల కొట్టంలో పడుకున్నాడు, చిన్న కొడుకు దూరం నుంచి పళ్లెం పెట్టి పరిగెత్తేవాడంట. తండాలో కొందరు ఆయన భార్యను బోరింగు దగ్గరికి రానియ్యలేదు. ఆమె ఈ మాట నవ్వుతూనే చెప్పింది. నాకైతే నవ్వు రాలేదు.

రాత్రి డ్యూటీ చేసినోడు పగలు నిద్రపోవాలి. రేకుల ఇల్లు, మన ఎండలు. తడిగుడ్డ కప్పుకొని పడుకుంటాడు. పిల్లలు ఆడుకోవడానికి పక్కింటికి పోతారు. అత్తామామలు మిరపకోతలకు గుంటూరు పోతే వాళ్ల ముసలోళ్లనూ ఈమే చూసుకోవాలి. తీజ్ పండుగకు ఆయన ఇంట్లో ఉండి మూడేళ్లైందంట. "ఇంటికొచ్చినాక ఏం మాట్లాడతాడు?" అని అడిగితే ఆమె చెప్పింది: "పిల్లోళ్ల కేసు అయితే ఏమీ మాట్లాడడు. నేను అడగను. సంగటి ముందర పెడతా, తింటే తింటాడు."

2021 ఫిబ్రవరి 14న తెల్లవారుజామున వెల్దుర్తి మండలం మాదార్‌పురం దగ్గర హైవే మీద మినీబస్సు లారీని గుద్దుకుని 14 మంది చనిపోయినారు. మదనపల్లె నుంచి అజ్మీర్‌కు పోతున్నవాళ్లు. మనం టీవీలో చూసి అయ్యో అనుకున్నాం, తర్వాత పనిలో పడినాం. 44వ నంబరు హైవే మీదైనా, కడప దిక్కు గువ్వలచెరువు ఘాట్‌లోనైనా అట్లాంటి చోటికి చేరి, నుజ్జయిన ఇనుములోంచి మనుషుల్ని తీసినవాళ్లు ఆ సాయంత్రం మళ్లీ డ్యూటీకి రావాలి. పోలీసుకు హోదా ఉంది, డాక్టరుకు పేరుంది. వీళ్లకు మనం పేరు కూడా పెట్టలేదు, "108 వాళ్లు" అంటాం.

ఇక జీతం. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఈ సేవ మొదలైంది. సత్యం రామలింగరాజు పెట్టిన ఈఎంఆర్ఐ సంస్థ నడిపేది. 2009లో సత్యం కూలిపోయినాక జీవీకే చేతికి పోయింది. రాష్ట్రం విడిపోయినాక కూడా చేతులు మారుతూనే వచ్చింది. డబ్బు సర్కారుది, నంబరు సర్కారుది, బండి మీద బొమ్మ ఆ పూట ముఖ్యమంత్రిది, మనిషి మాత్రం కాంట్రాక్టుది. 2020 జూలై 1న విజయవాడ బెంజ్ సర్కిల్‌లో 1,088 కొత్త 108, 104 వాహనాలకు జెండా ఊపినారు. పది వేలు తీసుకునే పైలట్‌కు సర్వీసును బట్టి 18 వేల నుంచి 28 వేల దాకా, 12 వేల ఈఎంటీకి 20 వేల నుంచి 30 వేల దాకా ఇస్తామని అప్పటి ముఖ్యమంత్రి అదే రోజు ప్రకటించినారు. సర్వీసును బట్టి అన్న మాట దగ్గర ఆయన నన్ను ఆపినాడు. "నడిపే సంస్థ మారినప్పుడల్లా కొత్త కాగితం ఇస్తారు తమ్ముడూ. నా సర్వీసు ఎక్కడినుంచి లెక్కపెట్టాల?"

మన గూడేల సంగతికి వస్తాను. ఆత్మకూరు–దోర్నాల అడవి రోడ్డును రాత్రి తొమ్మిది నుంచి మామూలు బండ్లకు మూసేస్తారు, పులులకు ఇబ్బంది కాకూడదని. మంచిదే, పులి ఉంటేనే అడవి, అడవి ఉంటేనే చెంచు. పులికి రాత్రి విశ్రాంతి ఉంది, పైలట్‌కు లేదు, అంతే. ఉగాదికి కర్ణాటక నుంచి భక్తులు వేలమంది వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు మీదుగా నడిచి శ్రీశైలం పోతారు. ఆ నాలుగు రోజులు అడవి దారిలో నీళ్లుంటాయి, మందులుంటాయి, వైద్య శిబిరాలుంటాయి. అంటే అడవి లోపలికి వైద్యం రాలేదన్న మాట అబద్ధం. వస్తుంది. మిగతా సంవత్సరమంతా అదే దారిలో ఉండే చెంచుల కోసం రావడం లేదు.

చదువుకున్న మీకు ఒక సంగతి చెప్పాలి. అమెరికాలో పిట్స్‌బర్గ్ అనే ఊళ్లో 1967కు ముందు రోగులను పోలీసు వ్యాన్లలో పడేసి తీసుకుపోయేవాళ్లు. నల్లవాళ్లుండే హిల్ డిస్ట్రిక్ట్ పేటకు అది కూడా సరిగా వచ్చేది కాదు. ఆ పేటలో పనిలేక తిరుగుతున్న నల్ల యువకులను తీసుకుని, పీటర్ సఫార్ అనే డాక్టరు శిక్షణ ఇచ్చినాడు. ఆగిన ఊపిరిని నోటితో, చేతులతో తిరిగి తెప్పించే పద్ధతికి రూపం ఇచ్చినవాళ్లలో ఆయనొకరు. ఫ్రీడమ్ హౌస్ అని ఆ అంబులెన్సు పేరు. ఆ దేశంలో పూర్తి శిక్షణ పొందిన మొదటి పారామెడిక్స్‌లో వాళ్లూ ఉన్నారు. పనికిరారని లోకం పక్కన పెట్టినవాళ్లు లోకానికి పని నేర్పినారు. కానీ కథ అక్కడ ఆగలేదు. 1975లో నగరపాలన తన సొంత సర్వీసు పెట్టి, దీన్ని మూసేసింది. తీసుకున్న నల్లవాళ్లను కూడా కొత్త పరీక్షలు, కొత్త నిబంధనలు అడ్డం పెట్టి ఒక్కొక్కరిని బయటికి పంపింది.

మన పిల్లలు కూడా ఈ పనిలోకి పోవాలి అని నేనంటాను. చెంచు భాష వాడుక, అడవి దారి, ఏ గుడిసె ఎవరిదో తెలిసిన మనిషి బండిలో ఉంటే నా వదినకు ఆ గంటన్నర పట్టేది కాదు. ఇంటర్ దగ్గర ఆగిపోయినవాళ్లకు శ్రీశైలం ఐటీడీఏ శిక్షణ ఇప్పించాలి, గూడేలకు దగ్గరగా బండి ఉంచాలి. ఇది మనం అడగాల్సిందే. అయితే ఉద్యోగం ఒక్కటే అడిగితే పిట్స్‌బర్గ్ మళ్లీ వస్తుంది. పడుకోవడానికి గది, వారానికి ఒక రోజు సెలవు, సంస్థ మారినా చెరగని సర్వీసు, వీటిని కూడా కలిపి అడగాలి. వాళ్లు సమ్మె నోటీసు ఇచ్చిన రోజు "ప్రాణాలతో ఆడుకుంటారా" అని మనం పోస్టులు పెట్టకూడదు. నేను పెట్టినాను ఒకసారి. తీసేసినాను.

అడగడం ఒక వైపు, మన చేతిలో ఉన్నది ఒక వైపు. మా గూడెంలో ఇప్పుడు ఇట్లా చేస్తున్నాం. మండలం, పంచాయతీ, మెయిన్ రోడ్డు మీది గుర్తు ఒక అట్ట మీద రాసి మూడిళ్లలో కట్టినాం, ఫోన్ చేసినోళ్లు తడబడకుండా చదవాలి. ఫోన్ చేసినాక దాన్ని ఎంగేజ్ చెయ్యకూడదు, పైలట్ తిరిగి చేస్తాడు. ఇద్దరు పిల్లోళ్లు టార్చితో మలుపు దగ్గర నిలబడతారు. నెలలు నిండినవాళ్ల పేర్లు ఆశా అక్క దగ్గర తీసుకుని, వాళ్ల కార్డు, బట్టల మూట ముందే కట్టి పెడుతున్నాం.

మొన్న మలుపు దగ్గర నేనే నిలబడినాను. ఒక తాతకు ఆయాసం. బండి దిగింది ఆయనే. నన్ను చూసి తన కాలర్ సరిచేసుకుని నవ్వినాడు, "ఎక్కడ తమ్ముడూ ఇల్లు?" అని అడిగినాడు.