కల్లంలోకి రావాల్సిన తరగతి: మార్టూరు ప్రణాళిక



పట్టాలు పంచే చదువుకు కాలం చెల్లింది. దాన్ని తిడుతూ కూర్చునే తీరిక మాకు లేదు. రేపటి విశ్వవిద్యాలయం ఎలా ఉండాలో, అందులో గురువు ఎవరై ఉండాలో తేల్చుకోవడానికే పత్తీ మిరపా పండే ఈ నల్లరేగడి మీద కూడాం. మాలో రైతుల పిల్లలున్నారు, గ్రానైట్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ల పిల్లలున్నారు, పాఠాలు చెప్పి చెప్పి రిటైరైన మాస్టార్లున్నారు. మంచి అధ్యాపకుడు ఒక్కరు తగిలితే బతుకు దారే మారుతుందని అందరం ఎరుగుదుం. ఆ తగలడాన్ని ఇక అదృష్టానికి వదలబోము.

1. గురువు గొప్పదనం శిష్యులు నిలబెట్టిన వాటిలో కనిపిస్తుంది. మచిలీపట్నం నోబుల్ కళాశాలలో రఘుపతి వెంకటరత్నం నాయుడు బోధించారు. ఆయన ప్రభావంలో ఎదిగిన భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. కోపల్లె హనుమంతరావు 1910లో మొదలైన ఆంధ్ర జాతీయ కళాశాలకు ప్రాణం పోశారు. ముట్నూరి కృష్ణారావు దశాబ్దాల పాటు కృష్ణాపత్రికను నడిపారు. ముగ్గురివీ మూడు దారులు. ఏ ఒక్కరూ గురువుకు నకలు కాలేదు. అదే నాయుడుగారు 1904 నుంచి 1919 దాకా కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉండి, మగపిల్లల పక్కన ఆడపిల్లలకూ చోటిచ్చారు. ఆ రోజుల్లో అది ఏ పాఠ్యపుస్తకంలోనూ లేని పాఠం.

2. విద్య ఊరి నుంచి బయలుదేరి ఊరికి తిరిగి రావాలి. మనకు కూతవేటు దూరం కాకపోయినా, బస్సెక్కితే చేరగల నిడుబ్రోలులో 1900లో పుట్టిన ఎన్.జి.రంగా ఆక్స్‌ఫర్డ్‌లో చదివారు, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో అర్థశాస్త్రం చెప్పారు, పల్లెల ఆర్థిక జీవితం మీద పుస్తకాలు రాశారు. ఆ తర్వాత సొంత ఊళ్లోనే రైతు కార్యకర్తలకు బడి పెట్టారు. ఆయన రాజకీయాలతో మాలో అందరికీ పొత్తు కుదరదు, కుదరనక్కర్లేదు కూడా. ఆచార్యుడు తిరిగి వచ్చిన ఆ దారే మాకు ముఖ్యం. 1945 నాటి బాపట్ల వ్యవసాయ కళాశాల ఇవాళ ఆయన పేరున్న విశ్వవిద్యాలయం కిందే నడుస్తోంది.

3. తరగతి కల్లం దాకా రావాలి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇక్కడ కల్లాల నిండా మిరపకాయ ఎర్రగా పరిచి ఉంటుంది. ఆడవాళ్లు గోనెపట్టాల మీద కూర్చుని, ఘాటుకు కొంగు ముక్కుకు అడ్డం కట్టుకుని తాలుకాయ ఏరుతుంటారు. వాళ్లలో డిగ్రీ చదివే పిల్లా ఉంటుంది. మేము కోరే అర్థశాస్త్ర అధ్యాపకుడు ఆమెను పుస్తకం తెరవమనే ముందు, గుంటూరు యార్డు నుంచి నాన్న తెచ్చిన కాటాచీటీ తెమ్మంటాడు. కమీషన్ ఎంత పోయింది, హమాలీ ఎంత, తరుగు ఎంత, తాలుకు ఎంత పలికింది, మేలురకానికి ఎంత? ఆ ధర కట్టిందెవరు? ఇక ఆ పిల్ల మార్కెట్ అనే మాటను బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

జీవశాస్త్ర అధ్యాపకుడికీ ఇక్కడ చేతినిండా పనే. 1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని పురుగు కమ్మేసింది. మందు మీద మందు కొట్టినా చావలేదు. అప్పుల్లో మునిగిన రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2021–22లో నల్లతామర పురుగు మిరపతోటల్ని ఊడ్చేసింది. కొట్టిన మందుకు తట్టుకున్న పురుగే మిగిలి, తన సంతతిని పెంచుతుంది. పరిణామ సిద్ధాంతాన్ని ఇంతకంటే దగ్గరగా చూపించే చోటు ఇంకెక్కడుంది? ఇది అర్థమైన విద్యార్థి రేపు లాం వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేసినా, పురుగుమందుల కొట్టు పెట్టినా ఒకేలా ఆలోచించగలడు.

4. మాకు పాదపూజలు వద్దు. “నాకూ తెలియదు, కలిసి చూద్దాం పద” అనగలిగినవారే మాకు గురువులు.

5. గురువుకు నిలకడ కావాలి. గంటల లెక్కన డబ్బులిచ్చి, సెలవుల్లో ఇంటికి పంపేసే అతిథి అధ్యాపకుడి నుంచి జీవితకాలపు ప్రభావాన్ని ఆశించడం అన్యాయం. శిష్యుడితో సాయంత్రం వేళ నడిచేందుకు, వాడి ఇల్లు చూసేందుకు, పదేళ్ల తర్వాత ఉత్తరం రాస్తే జవాబిచ్చేందుకు ఆయనకు తీరిక, ఖాయమైన జీతం రెండూ ఉండాలి. ఇది జాలితో ఇచ్చేది కాదు, విశ్వవిద్యాలయపు ప్రాథమిక ఖర్చు. పదోన్నతుల లెక్కలో వ్యాసాల సంఖ్యతోపాటు, ఆయన దగ్గర చదివినవాళ్లు ఏమయ్యారన్నదీ చూడాలి.

మేము కలగనే రేపట్లో మిరప కోసే తల్లి, కూతురి ఆచార్యుణ్ణి పేరుపెట్టి గుర్తుపడుతుంది. ఆయన ఆమెను ఒక సందేహం అడుగుతాడు, ఆమె చెప్పింది రాసుకుంటాడు.

ఈ కోతల కాలంలోనే తొలి తరగతి పెడుతున్నాం. మీ బతుకును మలుపు తిప్పిన మాస్టారు ఎవరైనా ఉంటే వెంటబెట్టుకుని రండి. భోజనం, బస మావి. మీరే అధ్యాపకులైతే ఒక పూట కేటాయించండి. విద్యార్థులైతే ఇంట్లో ఉన్న కాటాచీటీలన్నీ తెచ్చుకోండి, పాతవైనా సరే.