చుక్క ఆగింది... భయం మొదలైంది!

దాచేపల్లి, పిడుగురాళ్ల వైపు నేలంతా సున్నపురాయి. బోరు నీళ్లలోనూ ఆ సున్నమే. నీళ్లు వేడెక్కగానే అది విడిపోయి గీజరు కాయిల్ చుట్టూ తెల్లగా గార కడుతుంది. నీళ్లు ఓ పట్టాన కాగవు, లోపల్నుంచి చిటపటలు. మెకానిక్‌ని పిలుస్తాం.

అసలు కథ ఆయన వెళ్లాకే. సేఫ్టీ వాల్వు నుంచి చుక్కలు కారుతున్నాయని కొందరు దాన్ని పీకేసి డమ్మీ బిగిస్తారు. మాటిమాటికీ కరెంటు ఆగిపోతోందని ఇంకొందరు కటౌట్‌ని వదిలేసి వైర్లు నేరుగా కలిపేస్తారు. బిల్లూ తక్కువే, నీళ్లూ సలసలా కాగుతాయి! థర్మోస్టాట్ మొరాయిస్తే కరెంటు ఆపాల్సింది ఆ కటౌటే. అదీ పనిచేయకపోతే ఒత్తిడిని బయటికి వదలాల్సింది వాల్వు. రెండూ లేని గీజరంటే, వెయిట్ దగ్గర రంధ్రం మూసేసి పొయ్యిమీద పెట్టిన కుక్కరే. ట్యాంకు పేలిపోవచ్చు.

నిజానికి కాగేటప్పుడు వాల్వు నుంచి నాలుగు చుక్కలు రాలడం జబ్బే కాదు. వేడికి నీళ్లు వ్యాకోచిస్తాయి మరి. ఆగకుండా కారుతుంటే కొత్త వాల్వు వేయించుకోండి, అదేమంత ఖరీదు కాదు.

మీ గీజరుకీ ఇలాంటి వైద్యం జరిగిందని అనుమానమా? ముందు మెయిన్ ఆపేసి, వేరే మెకానిక్‌తో విప్పించి చూడండి. కాయిల్ మీది గారని సుత్తితో కొట్టనివ్వొద్దు. గొట్టం పగిలితే నీళ్లలోకి కరెంటొస్తుంది. నిమ్మఉప్పు నీళ్లలో నానబెడితే అదే కరుగుతుంది. పక్కన అరిగిపోయిన మెగ్నీషియం కడ్డీ కనిపిస్తే పనికిరానిదని పారేసి ఊరుకోకండి. ట్యాంకుకి పట్టాల్సిన తుప్పుని తనమీద వేసుకునేది అదే, దాని చోట కొత్తది పెట్టించండి.