జాగ్రత్తకు మేకులుండవు

మన ఇళ్ళల్లో ఆడవాళ్ళకి అడక్కుండానే, ఉచితంగా దొరికేది ఒకటుంది. దాని పేరు ‘జాగ్రత్త’. "జాగ్రత్తగా వెళ్ళిరా", "నువ్వే కాస్త జాగ్రత్తగా వుండాలి". ఇచ్చేవాళ్ళకి కానీ ఖర్చుండదు. పుచ్చుకునేవాళ్ళకే అప్పుడప్పుడూ కాలో చెయ్యో ఖర్చవుతుంది.

ఈ సరుకు ఫిన్లాండు దాకా వెళ్ళిందని మా చెల్లెలి ఇంట్లో చూశాను. వాళ్ళుండేది ఔలు అనే ఊరు. అక్కడ సైకిలు దారులే 900 కిలోమీటర్ల పైచిలుకు. చలికాలంలోనూ జనం సైకిళ్ళ మీదే తిరుగుతారు. శీతాకాలపు సైకిలు ప్రయాణం మీద 2013లో మొదటి సదస్సు జరిగింది కూడా ఆ ఊళ్ళోనే.

మా మరిది కారుకి నవంబరు వచ్చేసరికి చలికాలపు టైర్లు పడతాయి. అది అక్కడి చట్టం. నవంబరు నుంచి మార్చి దాకా, రోడ్డు పరిస్థితి అవసరమన్నప్పుడు అవి లేకుండా కారు తియ్యకూడదు. మా చెల్లెలు ఉద్యోగానికి వెళ్ళే సైకిలుకి అలాంటి చట్టం లేదు. కనక టైర్లూ లేవు. "తను జాగ్రత్తగానే తొక్కుతుంది లెండి వదినగారూ" అన్నాడు మరిది. ఆ ఫిబ్రవరిలో అది పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. అప్పుడూ అందరిదీ ఒకటే మాట: "కాస్త జాగ్రత్తగా వుండాల్సింది!"

నాలుగు చక్రాల మీద కుదురుగా నిలబడే కారుకేమో టైర్లు, రెండు చక్రాల మీద ఊగే మనిషికేమో సలహానా? ఇదెక్కడి న్యాయమండీ?

"లోతైన గాడులున్న మందపాటి టైరు చాలదా?" అంటారు కొందరు. మన భాషలో ఆకాశం నుంచి రాలేదీ మంచే, గడ్డకట్టిన నీరూ మంచే. రోడ్డు మీద మాత్రం ఆ రెండూ ఒకటి కావు. కొత్తగా రాలిన మెత్తని మంచులో గాడులు పట్టిస్తాయి, నిజమే. అద్దంలా గట్టిపడ్డ మంచుగడ్డ మీద ఎంత లోతు గాడికైనా పట్టుకోవడానికేముంది? దాన్ని గుచ్చే మేకులు కావాలి. ముక్కుపుడక రాయంత వుంటాయి, టంగ్‌స్టన్ కార్బైడ్ మొనతో. ఉత్త ఉక్కు మొనలైతే తారురోడ్డు మీద తొందరగా అరిగిపోతాయి.

చదునైన మంచుగడ్డకి నడిమి రెండు వరసల మేకులు సరిపోవచ్చు. పగలు కరిగి రాత్రి మళ్ళీ గడ్డకట్టిన చాళ్ళలో చక్రం పడితే పక్క వరసలు కూడా వుండాలి. టైరు మీద రాసిన హద్దులోనే గాలి కొంచెం తగ్గిస్తే ఆ పక్క మేకులూ నేలనంటుతాయి. కొత్తలో ఓ 40, 50 కిలోమీటర్లు మామూలు రోడ్డు మీద, గట్టిగా బ్రేకు వెయ్యకుండా తొక్కితే మేకులు రబ్బరులో కుదురుకుంటాయి. ఒక్క టైరుకే డబ్బుంటే ముందు చక్రానికి వేయించండి. వెనక చక్రం జారితే చాలాసార్లు నిలదొక్కుకోవచ్చు. ముందుది జారితే మనిషి నేల మీదే.

బరువెక్కువ, వేగం తగ్గుతుంది, కరకరమని చప్పుడు అంటారా? అవన్నీ నిజమే. ఏళ్ళ తరబడి గ్రైండరు చప్పుడు భరించిన మనకి ఇదో లెక్కా! ఖరీదంటారా? వసంతం రాగానే విప్పి దాచుకుంటే మళ్ళీ ఏటికీ పనికొస్తాయి. విరిగిన మణికట్టుని అలా విప్పి దాచుకోలేం.

ఇది ఒక ఇంటి గోలే అనుకోకండి. స్వీడన్‌లో కార్ల్‌స్కూగా అనే ఊళ్ళో కూడా మంచు తియ్యడంలో ముందు పెద్ద రోడ్లకీ, తర్వాతే కాలిబాటలకీ సైకిలు దారులకీ వంతు వచ్చేది. 2011లో మొదలైన ఓ పరిశీలనలో, ఈ వరస మగవాళ్ళ కార్లకే అనుకూలమని తేలింది. నడిచేవాళ్ళలో, పిల్లబండ్లు తోసేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ మరి. ఆ ఊరివాళ్ళు "అమ్మా, జాగ్రత్త" అని బోర్డు పెట్టి ఊరుకోలేదు. వరస తిరగేశారు. మంచులో కారు నడపడం కన్నా పిల్లబండి తొయ్యడమే కష్టమని ఒప్పుకోవడానికి వాళ్ళకి మొహమాటం లేకపోయింది.

చదువులకీ ఉద్యోగాలకీ మన ఆడపిల్లలు ఇప్పుడు ఆ మంచు దేశాలకి వెళ్తున్నారు. ఆవకాయ సీసా పొట్లం కడతాం, స్వెట్టర్లు సర్దుతాం, ఫోనులో తిన్నావా అని అడుగుతాం. ఈసారి అక్టోబరులో ఇంకో ప్రశ్న కూడా అడగండి: "సైకిలుకి మేకుల టైర్లు వేయించావా?" లేదంటే ఆ డబ్బు పంపండి. అల్లుడుగారు దగ్గరుంటే ఆయన్నీ అడగండి, మొహమాటం వద్దు. జాగ్రత్తలు ఆ తర్వాత తీరిగ్గా చెప్పుకుందాం.