ఇంటింటి సందేహాలు: ఊరు మారితే కారు సంగతేమిటి?

ఒక సోదరి, హనుమకొండ: మావారు సైన్యంలో పని చేస్తున్నారు. ఆయన సరిహద్దుకు వెళ్లడంతో పిల్లలతో పుణె నుంచి ఇక్కడికి వచ్చేశాను. ఇక కారు నేనే నడపాలి. అక్కడి లైసెన్సు, బీమా ఇక్కడ చెల్లుతాయా?

జవాబు: నిశ్చింతగా నడపండి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఏ రాష్ట్రంలో ఇచ్చిన లైసెన్సయినా దేశమంతటా చెల్లుతుంది. గడువు మాత్రం చూసుకోండి.

చిక్కల్లా కారు నంబరుతోనే. 12 నెలలకు మించి ఇక్కడే ఉంచితే తెలంగాణ నంబరు తీసుకోవాలి. అందుకు పుణె రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం తెప్పించాలి. ఇక్కడ పన్ను కట్టాలి. కారు మీవారి పేర ఉంటే సంతకాలు ఆయనవే కావాలి గనుక, సెలవుకు వచ్చినప్పుడే ఆ పని ముగించండి. సైనికోద్యోగులకు 2021 నుంచి ‘భారత్’ వరుస నంబరు ఉంది. అది ఇచ్చే రాష్ట్రంలో ఉన్నప్పుడే తీసుకుంటే, ఎన్ని బదిలీలయినా నంబరు మార్చే బెడద ఉండదు.

బీమా కూడా ఇక్కడ చెల్లుతుంది. అయితే కొత్త చిరునామా, నంబరు మారితే కొత్త నంబరు, కంపెనీకి వెంటనే తెలపండి. గడువు నోటీసు పాత ఇంటికి వెళ్లి, బీమా తీరిపోయిన సంగతి మీకు తెలియలేదనుకోండి. ఆ మర్నాడే కారు ఎవరికైనా తగిలితే పరిహారం భారమంతా మీ సంసారం మీదే పడుతుంది. గడువు తేదీని ఈ రోజే వంటింటి క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి.